ఎర్ర గుడ్డ కట్టిన కడ్డీ

అంతననరివో, ఫరవోహిత్ర కొండ
1993 సెప్టెంబరు 12, ఆదివారం

తోవో అన్నయ్యకి,

కబుర్లేమీ లేవు, అందరం క్షేమం. ఆనవాయితీ ప్రకారం ఆ మాట అనేశాను కాబట్టి ఇక అసలు కబుర్లు చెప్తాను. కాస్త కూర్చుని చదువు.

మన టాక్సీ, ఆ పాత కత్రెల్ కారు, తనిఖీలో రెండోసారి కూడా తప్పింది. తనిఖీ ఆయన దాన్ని కొండ దిగువకి ఒక వంద గజాలు నడిపి, దిగి, చెమట తుడుచుకుని, "ఏమమ్మా, ఇది తొక్కితే ఆగుతుందా, బతిమాలితే ఆగుతుందా?" అన్నాడు. "రెండూ చెయ్యాలండీ" అన్నాను. నవ్వాడు గానీ సంతకం పెట్టలేదు. అక్టోబరు 29న ఆఖరి అవకాశం. ఆ రోజూ తప్పితే టాక్సీ నంబరు నా దగ్గర తీసుకుని, వరసలో ఉన్న మరొకరికి ఇచ్చేస్తారు. నాన్న పదహారేళ్లు, నేను ఆరేళ్లు నడిపిన నంబరు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను కొండ దిగుతుంటే వెనక సీటులో ముసలమ్మలు ప్రార్థన మొదలుపెడుతున్నారు. ఇంటికొచ్చాక గోడకి ఆనించిన పాత టైర్లకి బండి ముక్కు మెల్లగా తగిలించి ఆపుకుంటున్నాను. ముందు భాగం కుంగిపోయింది కూడా. గతుకొస్తే నా నాలుక నేనే కొరుక్కుంటున్నాను.

నీ షెడ్డులో రెండు చచ్చిన కత్రెళ్లు ఉన్నాయని మన రెండూళ్ల మధ్య బండి నడుపుతూ నీకూ నాకూ జాబులు మోసే లాంతో చెప్పాడు. బ్రేక్ షూలు, వీల్ సిలిండర్లు, గొట్టాలు, ముందు చక్రాల బరువు మోసే ఆ మెలితిరిగే కడ్డీలు రెండూ వాటిలోంచి తీసి పంపగలవా? పని నేనే చేసుకుంటాను. నవ్వకు. నాన్న బండి కింద పడుకుంటే పానాలు అందించింది ఎవరు? నువ్వు అప్పుడు ఫుట్‌బాల్ ఆడుతున్నావు.

నువ్వు ఈ ఇంటి గడప తొక్కి ఆరేళ్లయింది. అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

మా ఆయన ఫెనో, పిల్ల మియంగలి నిన్ను అడిగామని చెప్పమన్నారు.

నీ చెల్లెలు,
బకోలి


ఫియనరాంత్సోవా
సెప్టెంబరు 19

బకోలీ,

ఇక్కడా కబుర్లేమీ లేవు. నీ జాబు చదివాక నవ్వు ఆగక లేచి నిలబడి మరీ నవ్వాను, అదొక్కటే కబురు.

టైర్లకి గుద్ది ఆపుతున్నావా! నాన్న వింటే సమాధిలోంచి లేచొచ్చి బండి తాళాలు లాక్కుంటాడు. అయినా ఆయన నీకు ఇచ్చింది నీకే ఇచ్చాడు, మనకెందుకు.

లాంతో చేత రెండు గోనెసంచులు పంపుతున్నాను. చిన్న సంచిలో బ్రేకు సామాను ఉంది. ముందు ఆ పని చెయ్యి. డ్రమ్ము ఊడదీసే ముందు లోపల ఏ స్ప్రింగు ఎటు తగిలించి ఉందో కాగితం మీద బొమ్మ గీసుకో. అన్నీ బిగించాక గొట్టాల్లో గాలి తీయాలి. ఒకరు పెడలు తొక్కుతుంటే ఇంకొకరు చక్రం దగ్గర మర తిప్పాలి. బుడగలు ఆగేదాకా తొక్కిస్తూనే ఉండు. ఫెనో బడిపంతులు కాబట్టి, కూర్చుని కాలు ఆడించే పని బాగానే చేస్తాడు.

పెద్ద సంచిలో కడ్డీలు ఉన్నాయి. జాగ్రత్తగా విను. రెండూ చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి గానీ, ఒకదాని చోట ఒకటి పనికిరాదు. ఒక్కోటి ఒక్కో వైపుకి మెలితిరిగేటట్టు చేసింది. వాటి మీది గుర్తులు తుప్పులో పోయాయి, అందుకని గుడ్డలు కట్టాను. ఎర్ర గుడ్డ కట్టిన కడ్డీ ఉత్తరం వైపు చక్రానికి. తెల్ల గుడ్డ కట్టింది దక్షిణం వైపు చక్రానికి. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాను, తప్పు చేశావంటే ఊరుకోను.

గురువారం మాత్రం పానా పట్టకు. మన ఇంట్లో ఆ రోజు ఇనుము ముట్టరని నీకు గుర్తుంటే చాలు. ఇంకో మాట, మన పక్కింటి దేజీని బండి దగ్గరికి రానివ్వకు. గడియారాలు బాగుచేసేవాడు గడియారాల దగ్గరే ఉండాలి.

సంచి అడుగున తేయాకు పొట్లం ఉంది. ఆయిలు వాసన వస్తే నన్నేమీ అనకు.

అన్నయ్య


ఫరవోహిత్ర
సెప్టెంబరు 28

అన్నయ్యా,

నీ తేయాకు ఆయిలు వాసనే వస్తోంది. ఫెనో మాత్రం ఇదే అసలైన దక్షిణాది టీ అని మురిసిపోతూ రెండు కప్పులు తాగాడు.

బ్రేకులు పట్టాయి! రెండు రోజులు పట్టింది. మొదటి డ్రమ్ము ఊడిరాక దాన్ని సుత్తితో కొడుతుంటే, వీధిలోవాళ్లు ఇంట్లో ఎవరికో పెళ్లి అనుకుని తొంగిచూశారు. ఊడేసరికి నా ఒళ్లోనే పడింది. నా దక్షిణం బుగ్గంతా మసి, చెవిలో కూడా మసి. మియంగలి నన్ను చూసి "అమ్మా, నీ ఉత్తరం బుగ్గ ఒక్కటే అమ్మలా ఉంది" అంది. బొమ్మ గీయమన్నావుగా, గీశాను. మూడో చక్రం దగ్గరికి వచ్చేసరికి చూడక్కర్లేకపోయింది.

గాలి తీసేటప్పుడు ఫెనో ఒక చేత్తో పిల్లల వ్యాసాలు దిద్దుతూ పెడలు తొక్కాడు. "తొక్కు" అంటే తొక్కేవాడు, "వదులు" అంటే "ఈ పిల్లాడు మళ్లీ వాక్యం మధ్యలో వదిలేశాడు చూడు" అనేవాడు. ఒక వ్యాసానికి పది బదులు నాలుగు వేశాడు, బుడగలు ఇంకా వస్తున్నాయని నేను అరిచినందుకు. ఆ పిల్లాడికి రేపు చెప్పి సరిచేస్తాడట.

పని అయ్యాక కొండ మొత్తం దిగి చూశాను. సగం దారిలో ఒక బాతు అడ్డం వచ్చింది. తొక్కగానే నిలబడిపోయింది బండి! బాతు కూడా నిలబడి నన్ను చూసింది, దానికీ నమ్మకం కుదరలేదు. నేను సీటులో కూర్చుని ఏడ్చాను అన్నయ్యా, సిగ్గు లేకుండా. ఆ రాత్రి పట్టినంత మంచి నిద్ర ఆరేళ్లలో ఒక్కసారైనా పట్టలేదు.

కడ్డీల పని వచ్చే ఆదివారం. ఎర్ర గుడ్డ ఉత్తరం, తెల్ల గుడ్డ దక్షిణం. చూశావా, మరిచిపోలేదు.

బాతుని బతికించిన
బకోలి


ఫియనరాంత్సోవా
అక్టోబరు 3

బకోలీ,

ఈ జాబు నీకు చేరేసరికి కడ్డీలు కూడా బిగించేసి ఉంటావు. బాతు సంగతి మా షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. ఇక్కడి పెద్ద మెకానిక్కు, ఎవరినీ మెచ్చుకోని మనిషి, "మీ చెల్లెల్ని పంపించు, నిన్ను తీసేస్తాను" అన్నాడు.

నిజం చెప్పనా? కాస్త కుళ్లుగా కూడా ఉంది. బండి నడపడం నీకు నాన్న నేర్పాడు, బండి నీకు ఇచ్చాడు. బాగుచేయడమైనా నా ఒక్కడికే వచ్చనుకున్నాను. ఇప్పుడు అది కూడా నీకే పోయింది.

సరదాకి అన్నాను. సగం సరదాకి.

అన్నయ్య


ఫరవోహిత్ర
అక్టోబరు 11, సోమవారం

అన్నయ్యా,

కబుర్లేమీ లేవని ఈసారి అనలేను, మర్యాద కోసమైనా.

కడ్డీలు బిగించాను. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. ఎర్ర గుడ్డది ఉత్తరాన, తెల్ల గుడ్డది దక్షిణాన. మూడు ఆదివారాల పని ఒక్క ఆదివారంలో చేసి, ఒళ్లు హూనం చేసుకుని, జాకీ దించాను. దించగానే బండి ముందు భాగం నేలకి దిగిపోయింది. కుంగడం కాదు, పడుకుంది. చక్రాల మీది రేకు చక్రాల్ని తాకుతోంది. ఎంత సరిచేసినా పైకి లేవదు. ఇప్పుడు గేటు దాకా కూడా నడపలేను.

నువ్వు వద్దన్నా దేజీ వచ్చాడు. గోడ దూకి వస్తే నేనేం చెయ్యను? టేపు తెచ్చి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం రెండు వైపులా కొలిచాడు. ఒక వైపుకన్నా రెండో వైపు మూడు వేళ్లు ఎక్కువ ఉంది! నేను కూడా కొలిచి చూశాను, నిజమే. "ఈ బండి ఎప్పుడో గట్టిగా గుద్దుకుందమ్మా, నడుం వంకర పోయింది, ఏ కడ్డీ పెట్టినా నిలబడదు" అన్నాడు. నాన్న గుద్దలేదు, నేను గుద్దలేదు. ఇక మిగిలింది ఎవరు?

ఇంకో మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ కడ్డీలు మంచివేనా? నీ షెడ్డులో పనికిరానివి నాకు పంపలేదు కదా? బండి నాకు వచ్చిందని నీ కడుపులో ఉన్నది నువ్వే రాశావు, సగం సరదాకి అని. మిగతా సగం ఏమిటో నాకు తెలియాలి.

తనిఖీకి పద్దెనిమిది రోజులే ఉంది.

బకోలి


ఫియనరాంత్సోవా
అక్టోబరు 15

బకోలీ,

నీ జాబు లాంతో ఎదుటే చదివాను, అందుకు చింతిస్తున్నాను. నేను అన్న మాటలు అతను నీకు చెప్పినా నువ్వు పట్టించుకోకు.

ఆ కడ్డీలు రెండు చచ్చిన బండ్లలోంచి నాలుగు తీసి, నాలుగింటినీ బెంచి మీద పెట్టి చూసి, అందులో మంచివి రెండు ఏరి పంపాను. చేతులు కోసుకుని మరీ తీశాను. పనికిరానివి పంపుతానా? చెల్లెలి బండికి? దారి పక్కన నడుం పట్టేసిన బండిలో నువ్వు కూర్చుంటే నాకు వచ్చేది ఏమిటి?

ఆ మూడు వేళ్ల తేడా సంగతి. ప్రపంచంలోని ప్రతి కత్రెల్‌కీ ఆ తేడా పుట్టుకతోనే ఉంటుంది. వెనక కడ్డీలు ఒకదాని వెనక ఒకటి అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి ఒక చక్రం కాస్త వెనకనే ఉండాలి. నీ వీధిలో ఏ కత్రెల్‌నైనా కొలుచుకో. ఆ దేజీని కూడా కొలుచుకో, వాడి రెండు కాళ్లూ సమంగా ఉన్నాయేమో.

ఎద్దుబండిని గుద్దిన మాట నిజమే. కానీ అది ముందు దీపం దగ్గర, రేకు మాత్రమే సొట్టపోయింది, సాయంత్రంలోగా సరిచేసి రంగు కూడా వేశాను. ఎద్దుకి ఏమీ కాలేదు. దానికీ దీనికీ సంబంధమే లేదు. పదమూడేళ్లు కడుపులో దాచుకున్న సంగతి అది. నీకు ఎవరు చెప్పారు?

నువ్వు ఏదో తప్పుగా బిగించావు. ఊరికే నా మీద పడకు.

తోవో


ఫరవోహిత్ర
అక్టోబరు 20

అన్నయ్యకి,

ఎద్దుబండి సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వే చెప్పావు, ఇప్పుడే. ఫెనో నవ్వీ నవ్వీ కుర్చీ మీంచి జారాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కాస్త వచ్చింది.

వీధిలో నాలుగు కత్రెళ్లు కొలిచాను. నువ్వు చెప్పింది నిజం, అన్నిటికీ మూడు వేళ్లు తేడా ఉంది. కడ్డీల గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అలా అనడం నాదే తప్పు. కానీ నేనూ తప్పుగా బిగించలేదు. రెండుసార్లు ఊడదీసి చూశాను. ఎర్రది ఉత్తరాన, తెల్లది దక్షిణాన. నాకు దిక్కులు తెలియవా?

ఇక నాకు ఓపిక లేదు. జకరండా చెట్లు ఊరంతా ఊదారంగు పూలు రాలుస్తున్నాయి, వాటితో మన బండి నిండిపోయింది, తుడవడానికి కూడా మనసు రావడం లేదు. పొద్దున్నే ఎండ ముందు అద్దంలోంచి సీట్ల మీద పడుతుంటే మియంగలి అందులో కూర్చుని బడి చదువులు చదువుకుంటోంది. "అమ్మా, బండి తూర్పుకి తల వంచి పూర్వీకులకి దణ్ణం పెడుతోంది, దాన్ని లేపకు" అంటోంది. ఈ బండి ఇకపై చేయగలిగిన పని అదొక్కటే అనుకుంటాను.

29న నంబరు అప్పగించేస్తాను. ఒక మాట మాత్రం తెలుసుకో, బ్రేకుల పని నేను మరిచిపోను. ఆ బాతూ మరిచిపోదు.

బకోలి


ఫియనరాంత్సోవా
అక్టోబరు 22, శుక్రవారం, లాంతో బండి ఎక్కేలోగా

బకోలీ! బకోలీ!

తూర్పుకి తల వంచి అన్నావా? పొద్దున ఎండ ముందు అద్దంలోంచి పడుతోందా? బండి ముఖం తూర్పుకి ఉందా?

నంబరు ఎవరికీ ఇవ్వకు. కడ్డీలు రెండూ ఊడదీసి అటుది ఇటు, ఇటుది అటు పెట్టు. అంతే. ఇంకేమీ చేయకు. ఈసారి దిక్కులు చెప్పను. తెల్ల గుడ్డ స్టీరింగు ఉన్న ఎడమ వైపుకి, ఎర్ర గుడ్డ స్టీరింగు లేని వైపుకి. బండి ఎటు తిరిగి ఉన్నా అది మారదు.

నా బుర్ర ఎక్కడ పెట్టుకున్నానో చెప్తాను విను. నాన్న ప్రతిరోజూ గేటు దగ్గర ఆగి, వెనక్కి నడిపి, బండి ముఖం పడమరకి పెట్టేవాడు, పొద్దున్నే నేరుగా బయటికి పోవచ్చని. "ఉత్తరం చక్రంలో గాలి చూడు" అంటే కుడివైపు చక్రమే; మన వైపు కుడి ఎడమలు ఎవరన్నారు, అన్నీ దిక్కులే. నువ్వూ నేనూ అలాగే నేర్చుకున్నాం. నీకు జాబు రాసేటప్పుడు నా కళ్ల ముందు ఆ వాకిలే ఉంది. ఆరేళ్లుగా నా మనసులో ఆ బండి నేను వదిలి వచ్చినట్టే, పడమర ముఖం పెట్టుకుని, నాన్న ఇప్పుడే దిగినట్టు నిలబడి ఉంది. నువ్వు దాన్ని తిప్పి ఉంటావని నాకు తట్టలేదు. టైర్లకి ఆనిస్తున్నానని మొదటి జాబులోనే రాశావు. ఆ టైర్లు తూర్పు గోడకే కదా ఉండాలి, గేటు పడమరన ఉంటే! నవ్వడం మానేసి ఆలోచించి ఉంటే అప్పుడే తెలిసేది.

తప్పు నాది. నువ్వు అక్షరాలా నేను చెప్పిందే చేశావు. నిన్ను తిట్టినందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను, షెడ్డులో అందరూ సాయం చేస్తున్నారు.

లాంతో హారను కొడుతున్నాడు. ఆదివారం నాడే పని మొదలుపెట్టు. గురువారం వద్దు.

అన్నయ్య


ఫరవోహిత్ర
అక్టోబరు 30, శనివారం

అన్నయ్యా,

నంబరు మనదే!

నీ జాబు పోయిన శనివారం సాయంత్రం వచ్చింది. చదివి, బండి దగ్గరికి వెళ్లి, ముందు నిలబడి చూశాను. తర్వాత నాన్న బండి ఎలా నిలబడేదో అలా ఊహించి, వెనక్కి తిరిగి చూశాను. అప్పుడు ఆ వాకిట్లోనే కూర్చుని నవ్వాను. బ్రేకులు పట్టవని ముక్కు గోడకి ఆనించడం అలవాటైంది, పట్టాక కూడా మానలేదు, ముక్కు గోడకి ఆనించినందుకు కడ్డీలు తారుమారయ్యాయి. అంతా ఆ బ్రేకుల పుణ్యమే.

కడ్డీలు మార్చి జాకీ దించితే బండి తల ఎత్తింది. మియంగలి "దణ్ణం అయిపోయింది" అంది. దేజీ గోడ మీంచి చూసి, "నేను ముందే అన్నాను, కడ్డీల్లోనే ఏదో ఉందని" అన్నాడు. అతనికి కాఫీ, బియ్యప్పిండి రొట్టెలు ఇచ్చి పంపించాను. ఏం చేస్తాం, పక్కింటివాడు.

నిన్న తనిఖీ ఆయన కొండ దిగుతూ, అలవాటు కొద్దీ గట్టిగా తొక్కాడు. టోపీ ఎగిరి ముందు అద్దానికి తగిలింది. దాన్ని తీసి దులుపుకుని, "ఎవరు చేశారమ్మా ఈ పని?" అన్నాడు. "మా అన్నయ్యా నేనూ" అన్నాను. సంతకం పెట్టేశాడు.

ఇప్పుడు నేను ఆరేళ్ల కిందటే చెప్పాల్సిన మాట చెప్తాను. బండి నాకు ఎందుకు ఇస్తున్నాడో నాన్న నాతో అన్నాడు. "తోవో చేతుల్లో పని ఉంది, వాడిని ఎక్కడ వదిలినా బతుకుతాడు. నీకైతే బండి ఉండాలి" అన్నాడు. నిన్ను తక్కువ చేసి కాదన్నయ్యా, నీ మీద నమ్మకంతో. సమాధి పని అయిన వారానికే నువ్వు దక్షిణానికి బస్సెక్కేశావు. చెప్పడానికి నువ్వు లేవు, రాయడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది. ఎద్దుబండి సంగతి కూడా ఆయనకి తెలుసు. రంగు ఒక పిసరు తేడాగా ఉందని నాకు చూపించి నవ్వేవాడు. ఎందుకు నవ్వేవాడో మొన్న నీ జాబు చదివాకే నాకు తెలిసింది!

తనిఖీ నుంచి వచ్చాక టైర్లన్నీ తీసి బయట పడేశాను. గేటు దగ్గర ఆగి, వెనక్కి నడిపి, బండి ముఖం పడమరకి పెట్టాను. ఎర్ర గుడ్డ కడ్డీ ఇప్పుడు ఉత్తరాన ఉంది, నువ్వు చెప్పినట్టే. నువ్వు వదిలి వెళ్లిన వాకిలి నువ్వు వదిలినట్టే ఉంది. వచ్చి చూసుకో.

వచ్చే ఆదివారం కోడి కోస్తున్నాం. తోకముక్క ఇంట్లో పెద్దవాడిది. ఆరేళ్లుగా ఆ ముక్క పళ్లెంలో మిగిలిపోతోంది, ఫెనో చెయ్యి పెడితే గరిటెతో కొడుతున్నాను. ఇక కొట్టలేను, పాపం.

నీ చెల్లెలు,
బకోలి


ఫియనరాంత్సోవా
నవంబరు 4

బకోలీ,

గురువారం కాబట్టి పానా పట్టకుండా కలం పట్టాను.

శనివారం లాంతో బండిలో వస్తున్నాను. తూర్పు కిటికీ దగ్గర సీటు చెప్పి ఉంచాను. ఫెనోని గరిటెతో కొట్టకు, తోకముక్కలో సగం వాడికి ఇస్తాను.

కబుర్లేమీ లేవు. ఈసారి నిజంగానే లేవు. ఉన్నవన్నీ నోటితో చెప్తాను.

అన్నయ్య